బెల్లం పీలికలు మాన్పించిన నెల

నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో పైఅధికారులు నన్ను కాగితం మీద మెచ్చుకున్నది ఒకే ఒక్కసారి. ఆ కాగితం చేతికి వచ్చే సమయానికి, దేనికైతే మెచ్చుకున్నారో ఆ పని ఎంత పొరపాటో నాకు తెలిసిపోయింది. అందుకని దాన్ని ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో ఎలా పని చేసేవారండీ?" అని అడుగుతారు. పడవ ప్రయాణాలు, కలరా రోజులు, తుఫానులు చెబుతానని వాళ్ల ఆశ. నేను చంటిపిల్లల పళ్ల గురించి మొదలుపెడితే కాస్త నిరాశ పడతారు. మీరూ పడితే ఏమీ అనుకోను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్లకు నన్ను కోనసీమకు వేశారు. కొత్తపేటకూ ముక్తేశ్వరానికీ మధ్య కాలవ గట్టు మీది ఊరు. మద్రాసులో హెల్త్ విజిటర్ శిక్షణ పూర్తయి అప్పటికి ఏడాది. వయసు ఇరవై నాలుగు. తెల్లచీర, భుజాన సంచీ, సంచీలో శిక్షణ నాటి పాఠాల నోటుపుస్తకం. ఆ పుస్తకంలో లేనిది లోకంలో ఉండదని నా నమ్మకం.

తల్లీబిడ్డల కేంద్రం అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. ఒక పెంకుటింటి ముందుగది. బిడ్డల్ని తూచే త్రాసు, ఒక బీరువా, గోడకు రెండు బొమ్మల పటాలు, మూల పాలపొడి పీపా. పాలపొడి పైనుంచి వచ్చేది. బిడ్డలున్న పేద తల్లులకు వారానికోసారి దాన్ని కొలిచి ఇవ్వడం నా పనుల్లో ఒకటి. నాకు సాయంగా ఒక ఆయా ఉండేది. నలభై దాటిన మనిషి, ఆ ఊరి కోడలే. ఏ ఇంట్లో ఎవరు నెల తప్పారో నాకంటే ముందు ఆమెకు తెలిసేది. పదిహేను రోజులకోసారి కొత్తపేట ఆస్పత్రి నుంచి డాక్టరుగారు సైకిలు మీద వచ్చి చూసి వెళ్లేవారు. ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ మనిషి. చేతివాటం మంచిది, మాటలు తక్కువ, ఆశలు ఇంకా తక్కువ.

నేను చేరిన రెండో నెలలో ఒకామె మూడేళ్ల కూతుర్ని చంకన పెట్టుకుని వచ్చింది. ఇరవై, ఇరవై రెండేళ్ల మనిషి. కడుపుతో ఉన్నట్టు చూడగానే తెలుస్తోంది. కాలవ అవతల పేటలో ఉంటుంది. పీచు దొడ్డిలో కూలి. పీచు దొడ్డి అంటే, నెలల తరబడి కాలవలో నానబెట్టిన కొబ్బరి డొక్కల్ని కొయ్య సుత్తులతో కొట్టి పీచు తీసే చోటు. ఆ నానిన డొక్కల వాసన ఒకసారి ఒంటికి పడితే స్నానం చేసినా పోదు. ఆమె గదిలోకి రాగానే ఆ వాసనా వచ్చింది.

"పిల్ల కూడు తింటల్లేదండి నర్సమ్మగారూ. నీళ్లు తాగినా ఏడుస్తాదండి," అంది.

త్రాసులో వేస్తే ఆ పిల్ల ఏడాదిన్నర బిడ్డంత తూగింది. చెంచా కాడతో పెదవి పైకెత్తి చూశాను. పైవరసలో ముందు నాలుగు పళ్లూ చిగుళ్ల దాకా నల్లగా అరిగిపోయి మొండి మేకుల్లా ఉన్నాయి. కింది పళ్లు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"పురుగు తినేసిందండి. వాకుడు గింజల పొగ పట్టించేం. రెండు పురుగులు రాలేయి కూడానండి," అంది తల్లి.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తుకొస్తే ఇప్పుడు బాగుండదు. అప్పుడు మాత్రం చదువుకున్న మనిషికి అది హక్కు అనుకున్నాను.

తరువాతి వారం నుంచి వచ్చిన ప్రతి పసిబిడ్డకూ పెదవి ఎత్తి చూడడం మొదలుపెట్టాను. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల లోపు పేట పిల్లల్లో సగానికి పైగా అదే తీరు. పై నాలుగు నలుపు, కిందవి తెలుపు. రైతుల వీధి పిల్లల్లో అలాంటిది అరుదు. అందరూ తాగేది ఒకే కాలవ నీళ్లు. తినేది ఒకే బియ్యం, కాస్త మంచివో చెడ్డవో. డాక్టరుగారిని అడిగాను.

"పాలపళ్లేగామ్మా. ఎలాగూ ఊడిపోయేవే," అన్నారు.

"ఊడే దాకా ఆ పిల్ల ఏం తింటుందండీ?"

ఆయన సైకిలు స్టాండు తీస్తూ, "నువ్వు కొత్తగా చేరేవు గదా," అన్నారు. అది జవాబో, జాలో నాకు తెలియలేదు.

ఏడెనిమిది నెలలు అలాగే గడిచాయి. ఈలోగా ఆ తల్లి మగబిడ్డను కంది. పురుడు నేనే పోశాను. నెల తిరక్కుండానే ఆమె మళ్లీ దొడ్డికి వెళ్లిపోయింది. బిడ్డను ఎవరు చూస్తున్నారని అడిగితే, "మామ్మ ఉందండి," అంది. వాళ్ల మామ్మే అనుకున్నాను. పేటలో పీచు కొట్టే ఆడవాళ్లందరికీ ఆ మామ్మ ఒకతే అని నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆయాను వెంటబెట్టుకుని పేటకు వెళ్లాను. అక్కడికి ఎప్పుడూ పొద్దున్నో, సాయంత్రమో తల్లులు ఇంట్లో ఉన్నప్పుడే వెళ్లేదాన్ని. మధ్యాహ్నం వెళ్లడం అదే మొదటిసారి. ఆయా నన్ను చివరి పాకలోకి తీసుకుపోయింది. లోపల చాపల మీద, చీరపాత ఉయ్యాలల్లో పదకొండు మంది చంటిపిల్లలు. ఒక్కరూ ఏడవడం లేదు. అందరి నోళ్లలోనూ గుడ్డపీలికలు. పీలిక కొసన చిన్న బెల్లం ముక్క మూటకట్టి ఉంది. దాన్ని చీకుతూ కొందరు నిద్రపోతున్నారు. నిద్రలోనూ పెదవులు ఆడుతున్నాయి. మధ్యన ఒక ముసలామె కూర్చుని, రాలిపోయిన పీలికను నీళ్లలో ముంచి, కొత్త బెల్లం ముక్క కట్టి, మళ్లీ ఒక నోట్లో పెడుతోంది. ఆమె వేళ్లు కణుపుల దగ్గర వంకర తిరిగిపోయి ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు పీచు కొట్టిన చేతులని ఆయా తరువాత చెప్పింది.

నాకు ఒక్కసారిగా అర్థమైంది. బెల్లం మూట పైపళ్లకు ఆని పొద్దస్తమానం నానుతుంది. కింది పళ్లను నాలుక కాపాడుతుంది. అందుకే నాలుగే నలుపు. ఎనిమిది నెలల చిక్కుముడి విడిపోయింది. ఆ సంతోషంలో, పదకొండు మంది పిల్లలు ఒక వంకర చేతుల ముసలామె దగ్గర ఎందుకున్నారన్న ప్రశ్న నాకు తోచలేదు.

అదే వారంలో పీచు దొడ్డి ఆసామిగారి భార్య కబురు పెట్టింది. వాళ్ల మనవరాలు, మూడో ఏడు, పన్ను నొప్పితో గోల పెడుతోందట. వెళ్లి పెదవి ఎత్తి చూశాను. అవే నాలుగు పళ్లు, అదే నలుపు. ఆ ఇంట్లో బెల్లం పీలిక లేదు. వెండి గిన్నెలో పటికబెల్లం ఉంది. నిద్రపోయేటప్పుడు పంచదార కలిపిన పాలసీసా నోట్లో ఉంటుంది. పిల్ల ఏడవకూడదని తాతగారి ఆజ్ఞ.

నేను చాలా మర్యాదగా చెప్పాను. తీపి కాస్త తగ్గించాలి, పాలు తాగాక తడిగుడ్డతో పళ్లు తుడవాలి, వీలైతే సీసా మాన్పించాలి అన్నాను. ఆమె "అలాగేనమ్మా" అంది. కాఫీ ఇచ్చారు. తాగి వచ్చాను.

పేటలో మాత్రం అలా చెప్పలేదు. పాలపొడి ఇచ్చే రోజున తల్లులందరినీ కూర్చోబెట్టి, గోడ మీది పటం చూపించి, అరగంట ఉపన్యాసం ఇచ్చాను. చివర ఒక మాట అన్నాను. "ఇక మీదట ఎవరి బిడ్డ నోట్లో బెల్లం పీలిక కనిపిస్తే వాళ్లకి పాలపొడి లేదు."

"ఆయ్," అన్నారు అందరూ. ఆ ప్రాంతపు "ఆయ్"లో ఎన్ని రకాలున్నాయో నాకు అప్పటికి తెలియదు. సరే అని ఒక ఆయ్, మీ మాట వినబడింది అని ఒక ఆయ్, మీతో ఏం చెప్పగలం అని ఒక ఆయ్. ఇది మూడోది.

గది ఖాళీ అయ్యాక ఆయా త్రాసు తుడుస్తూ, "ఆసామిగారింట్లోనూ అదే జబ్బు గదండీ. ఆరికేం ఆపుతారండి?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. నేను నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.

మొదటి వారం పాక దగ్గరికి వెళితే వీధి మొదట్లోంచే ఏడుపులు వినిపించాయి. ముసలామె ఒకర్ని భుజాన వేసుకుని, ఇంకొకర్ని కాలితో ఉయ్యాల ఊపుతూ, నా వంక చూసి, "రెండే చేతులు తల్లీ," అంది. అలవాటు మారేటప్పుడు ఆ మాత్రం ఏడుపు తప్పదని నా పుస్తకం చెప్పింది. అదే ఆమెకు చెప్పాను. ఆమె వినయంగా విన్నది.

రెండో వారానికి ఏడుపులు తగ్గాయి. మూడో వారానికి పాకలో చప్పుడు లేదు. పదకొండు మందీ పడుకుని ఉన్నారు, ఏ నోట్లోనూ పీలిక లేదు. నేను వాకిట్లో నిలబడి చూసి మురిసిపోయాను. నెలవారీ రిపోర్టులో ఒక పేజీ నిండా రాశాను. తల్లుల అజ్ఞానం వల్ల వచ్చిన దురలవాటును ఉపన్యాసాల ద్వారా, క్రమశిక్షణ ద్వారా పూర్తిగా మాన్పించగలిగామని రాశాను. "క్రమశిక్షణ" అన్న మాట కింద గీత కూడా గీశాను.

ఒక్క సంగతి మాత్రం త్రాసు చెబుతూ వచ్చింది. ఆ పిల్లల బరువు పెరగడం లేదు. ఇద్దరు తగ్గారు. పళ్లు బాగుపడితే బరువు అదే వస్తుందని అనుకున్నాను. ఇన్నేళ్ల తరువాత వెనక్కి చూసుకుంటే, నా తప్పుల్లో క్షమించుకోలేనిది ఇదే. ఉపన్యాసం అనుభవం లేక ఇచ్చాను. త్రాసు ముల్లు మాత్రం నా కళ్లెదుటే ఉంది.

నాలుగో వారంలో ఒకరోజు, పదకొండు గంటల వేళ, ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మగారండీ, మీరు పురుడుపోసిన మగపిల్లోడు లేవటల్లేదండి. లేపితే లేవటల్లేదండి."

పాకకు వెళ్లేసరికి ముసలామె వాకిట్లో నేల మీద కూలబడి ఉంది. లోపల బిడ్డ చాప మీద ఉన్నాడు. ఏడు నెలల వాడు. ఒళ్లు వేలాడిపోతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి మధ్యలో ఆగి, ఇక రాదేమో అనిపించాక మళ్లీ వస్తోంది. కనురెప్ప ఎత్తి చూస్తే నల్లగుడ్డు గుండుసూది మొనంత ఉంది. మద్రాసులో ఒక పెద్దమనిషికి అలాంటి కళ్లు చూశాను.

"ఏం పెట్టారు మామ్మా?"

ముసలామె తల ఎత్తలేదు. "ఆవగింజంతే తల్లీ. నల్లమందు. నా కీళ్లనొప్పులకి నేనేసుకునేదే. రోజూ అందరికీ అంతే పెట్టేను. ఈడికి తెల్లారిగట్ల నించీ జొరంలా ఉంది. ఏడుపు ఆపలేదు. ఇంకో రవ్వ పెట్టేను."

రోజూ. అందరికీ. నేను వాకిట్లో నిలబడి మురిసిపోయిన నిశ్శబ్దం అదన్నమాట.

ఆయా దొడ్డికి పరుగెత్తింది. తల్లి సుత్తి చేత్తోనే వచ్చింది. మోచేతుల దాకా పీచు నుసి అంటుకుని ఉంది. బిడ్డను లాక్కుని రొమ్ము నోట్లో పెట్టింది. వాడు పట్టలేదు. ఆమె ఏడవలేదు. నా మొహంలోకి చూసింది, అంతే.

బిడ్డనెత్తుకుని దొడ్డి గేటు దాకా పరుగెత్తాం. అక్కడ ఆసామిగారి ఒంటెద్దు బండి ఉంది. అడగకుండానే ఎక్కాం. బండి తోలేవాడు వాకిలి వైపు ఒకసారి చూసి, మా వంక చూసి, ఎద్దును అదిలించాడు. కొత్తపేట దాకా నేను బిడ్డ అరికాళ్లు గిల్లుతూ, నీళ్లు చల్లుతూ, ఊపిరి ఆగినప్పుడల్లా నోట్లో నోరు పెట్టి ఊదుతూ కూర్చున్నాను. తల్లి వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. దారిలో ఎవరో ఎదురై ఏమైందని అడిగారు. ఆయా చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

డాక్టరుగారు ఆ రోజు చూపిన చురుకు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. బిడ్డను అందుకుని, కడుపు కడిగి, ఇంజెక్షను ఇచ్చి, రెండు గంటల పాటు బల్ల దగ్గర నుంచి కదల్లేదు. భోజనం పిలుపు వస్తే చెయ్యి ఊపి పంపేశారు. సాయంత్రం నాలుగు దాటాక వాడు గట్టిగా ఏడ్చాడు. నెల రోజులుగా ఏ ఏడుపు ఆగాలని నేను తాపత్రయపడ్డానో, ఆ ఏడుపు విని ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. "మిగతా పది మందినీ రేపే చూడాలి," అన్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

మర్నాడు ఉదయం ఆయన వచ్చి ఆ పది మందినీ చూశారు. అందరూ మత్తుగా, నీరసంగా ఉన్నారు కాని ప్రమాదం లేదన్నారు. ఆ తరువాత ఆసామిగారి అరుగు మీద అందరం చేరాం. ఆసామిగారు, ఊరి మునసబుగారు కుర్చీల్లో. డాక్టరుగారికీ నాకూ బల్ల. ముసలామె, బిడ్డ తల్లి, ఇంకొందరు ఆడవాళ్లు కింద వాకిట్లో.

ఆసామిగారు చెడ్డమనిషి కాదు. అరిచే మనిషీ కాదు. తన దొడ్డి పేరు ఠాణాలో వినబడకూడదు, అంతే ఆయన బాధ. "ముసల్దాని దగ్గర నల్లమందు దొరికింది. పసోళ్లకి పెట్టింది. మునసబుగారు రాసి ఠాణాకి పంపేస్తారు. నర్సమ్మగారు చూసింది చూసినట్టు చెబితే చాలు. ఏవమ్మా?" అన్నారు.

మునసబుగారు కాగితం, కలం తీశారు.

"ఏం చెబుతావే?" అని ముసలామెను అడిగారు ఆసామిగారు.

"ఏం చెబుతానండి బాబూ. పెట్టేను. చిన్నప్పుడు మాకూ పెట్టేరు. మీకూ పెట్టే ఉంటారు," అంది ఆమె. ఎకసెక్కెం కాదు, ఉన్న మాట. ఆసామిగారు అటు తిరిగి ఉమ్మారు.

అప్పుడు బిడ్డ తల్లి లేచి నిలబడింది. ఆమె నోరు తెరుస్తుందని ఎవరూ అనుకోలేదు. నా వైపే చూస్తూ మాట్లాడింది.

"నర్సమ్మగారు బెల్లం మానెయ్యమన్నారు, మానేసేం. పాలపొడి ఆపేత్తానంటే భయపడి మానేసేం. ఏడుపు ఎలా మాన్పాలో చెప్పలేదుగాండీ. పొద్దున్న దొడ్డిలోకెళ్తే దీపాలేళ దాకా గేటు దాటనివ్వరు. పాలొచ్చి రైక తడిసిపోతా ఉంటాది, అక్కడ ఈడు ఆకలికి ఏడుస్తా ఉంటాడు. నా దగ్గర పాలుండగా ఈడికి బెల్లవెందుకండి? నల్లమందెందుకండి?"

ఆ పాకకూ దొడ్డికీ దూరం ఎంతో తెలుసా? మనిషి నడిస్తే పావుగంట పట్టదు. నేను ఎనిమిది నెలలు ఆ దారిన నడిచాను.

మునసబుగారు నా వైపు తిరిగి, "చెప్పండమ్మా," అన్నారు.

డాక్టరుగారు నెమ్మదిగా నాకు మాత్రమే వినబడేలా, "ఆలోచించి చెప్పు. నీదింకా పర్మనెంటు కాలేదు," అన్నారు.

నేను లేచాను. "రాసుకోండి. బెల్లం పీలికలు మాన్పించింది నేను. దానికి బదులేం పెట్టాలో చెప్పలేదు. ఎందుకు పెడుతున్నారో అడగలేదు. పాలపొడి ఆపుతానని బెదిరించాను, అలా చెప్పే అధికారం నాకు లేదు. మూడు వారాలు మత్తులో ఉన్న పిల్లల్ని చూసి కూడా గుర్తుపట్టలేదు. మామ్మ మీద రాస్తే ముందు నా మీద రాయాలి. తల్లుల్ని గేటు దాటనివ్వని సంగతీ రాయాలి."

"ఇది పళ్ల సంగతా, నా దొడ్డి సంగతా?" అన్నారు ఆసామిగారు.

"రెండూ ఒకటేనండి. నాకూ నిన్ననే తెలిసింది."

మునసబుగారు అనుభవజ్ఞులు. అన్నీ రాస్తే కాగితం ఎంత దూరం పోతుందో ఒక్క క్షణంలో లెక్కగట్టారు. కలం మూత పెట్టి, "ఆసామిగారూ, ఇలా లోపలికి రండి," అన్నారు. ఇద్దరూ లోపలికి వెళ్లి వచ్చేసరికి కాఫీలు వచ్చాయి. కింద కూర్చున్న వాళ్లకు రాలేదు. నేను నాది తాగలేదు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు కనుక దాన్ని గొప్పగా చెప్పుకోను.

తేలిందేమిటంటే, దొడ్డి వెనక కొబ్బరి చెట్ల కింద ఒక పాక వేయిస్తారు. పిల్లలు అక్కడే ఉంటారు. పాలిచ్చే తల్లులు పూటకు రెండుసార్లు వెళ్లి పాలిచ్చి రావచ్చు. మామ్మకు తోడుగా ఇంకొక మనిషి. ఆసామిగారి మనసు మారిందని నేను అనుకోను. గేటు తెరవడం కంటే పాక వేయడం సుఖం, ఠాణా కంటే రెండూ సుఖం. కారణం ఏదైతేనేం, వారం రోజుల్లో పాక లేచింది. దాని కప్పు కోసం ఆయన తన కొబ్బరాకే కొట్టించారు.

ముసలామె నల్లమందు మానిందా? తన కీళ్లకు మానలేదు. పిల్లల జోలికి మాత్రం పోలేదు. ఆ మందు డబ్బీని ఆయా చేతికిచ్చి, సాయంత్రం పూట ఒక రవ్వ అడిగి తీసుకునేది. బెల్లం పీలికలు పూర్తిగా పోయాయా అంటే, అదీ లేదు. మరీ గోల చేసే పిల్లకు ఎప్పుడైనా ఒకటి కట్టి ఇచ్చేది. తీసేశాక తడిగుడ్డతో పళ్లు తుడిచేది. నేను చూసీ చూడనట్టు ఉండడం నేర్చుకున్నాను. పాలపొడి ఏ షరతూ లేకుండా కొలిచి ఇచ్చాను. మొదట్లో తల్లులు నా మొహం చూసి, ఇంకేం మాట వస్తుందోనని ఒక క్షణం ఆగేవారు. ఆ ఆగడం పోవడానికి చాలా నెలలు పట్టింది.

ఆ నెల రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాశాను. డాక్టరుగారు చదివి, సంతకం పెట్టబోయి కాగితం నా వైపు తోశారు. "పాలపళ్లేగా అని నేనూ అన్నాను. అదీ రాయి," అన్నారు. రాశాను. శిక్ష కోసం ఎదురు చూశాను. మూడు వారాల తరువాత ఒక కవరు వచ్చింది. అందులో ఉన్నది అంతకు ముందు నెల రిపోర్టుకు ప్రశంస. బెల్లం పీలికల దురలవాటును మాన్పించిన తీరు ఇతర కేంద్రాలకు ఆదర్శమట. రెండో రిపోర్టుకు జవాబు ఎప్పుడూ రాలేదు. ఎవరూ చదవలేదనుకుంటాను. ఉద్యోగంలో అలా బతికిపోయిన వాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఆ తల్లి పెద్దకూతురి మొండిపళ్లలో రెంటిని డాక్టరుగారు తీసేశారు. చిగుళ్ల నొప్పి తగ్గి అన్నం తినడం మొదలుపెట్టింది. ఆసామిగారి మనవరాలికి మాత్రం చాలాకాలం నొప్పి తగ్గలేదు. ఆ ఇంట్లో సీసా మాన్పించడం నా వల్ల కాలేదు. ఈసారి కాఫీ తాగకుండా, గట్టిగానే చెప్పాను. "అలాగేనమ్మా," అన్నారు మళ్లీ. ఏడుపు వినలేని తాతగారు ఉన్న చోట, పేదవాళ్లకు పనికొచ్చిన పాక ఏం పనికొస్తుంది? పిల్లల పళ్లు పుచ్చిపోవడానికి లేమి ఒక దారి, కలిమి ఇంకో దారి. మా ఇంటికి వచ్చే ఆ అమ్మాయిలకు నేను చెప్పేది ఒకటే: మీరు ఏ ఇంటికి వెళ్లినా, బిడ్డ నోరు చూసే ముందు ఆ బిడ్డ రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఎవరి దగ్గర ఉంటుంది, తల్లి ఎక్కడ ఉంటుంది, ఏడిస్తే ఎవరికి ఇబ్బంది. ఈ మూడూ నా నోటుపుస్తకంలో లేవు.

ఆ తరువాత రెండేళ్లకు నన్ను రాజోలు వైపు బదిలీ చేశారు. వెళ్లే ముందు రోజు దొడ్డి వెనక పాకకు వెళ్లాను. ఆ తల్లికి ఈలోగా ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఏడాది నిండి రెండు నెలలు. పాలిచ్చే వేళ. ఆమె చెట్టుకు ఆనుకుని కూర్చుని, పిల్లను ఒళ్లో వేసుకుని ఉంది. నేను పక్కన చతికిలబడ్డాను. సంచీ అప్పటికే సర్దేసుకున్నాను, చెంచా లేదు. పెదవి ఎత్తుదామని వేలు పెట్టాను.

ఆ పిల్ల చటుక్కున నోరు మూసి, శక్తంతా పెట్టి కరిచింది. నేను కెవ్వుమన్నాను.

"అయ్యయ్యో, కరిచేసిందాండీ? ఏవే, నీ తస్సాదియ్యా! వదులే!" అంటూ తల్లి దాని చెంపలు నొక్కింది. అది వదల్లేదు. నా మొహంలోకి చూస్తూ ఇంకా గట్టిగా బిగించింది.

"తిట్టకమ్మా, ఉండనీ," అన్నాను.

కాసేపటికి దానికే విసుగు పుట్టి వదిలేసి, మళ్లీ రొమ్ము పట్టింది. నేను వెలుతురులోకి వచ్చి వేలు చూసుకున్నాను. రక్తం రాలేదు. గాట్లు మాత్రం బాగా పడ్డాయి. లెక్కపెట్టుకున్నాను. గోరు వైపు, పైపళ్లవి, పక్కపక్కనే, నాలుగు ఉన్నాయి.